కంటతడి పెట్టని బాలింత

మా కోడలు పురుటి గదిలో ఉన్న నెలంతా ఒక్క చుక్క కన్నీరు కార్చలేదని ఊళ్ళో టముకు వేసింది నేనే. ఎవరో అడిగితే చెప్పిన మాట కాదది. కూరగాయల బండి దగ్గర, గుడి మెట్ల మీద, మామిడి కాయలు తూకం వేసే షెడ్డులో, దారిన పోయేవాళ్ళని కూడా ఆపి మరీ చెప్పాను. బాలింత ఏడిస్తే కళ్ళు పోతాయని మా అత్త నాకు చెప్పింది. ఆవిడకి ఆవిడ అత్త చెప్పింది. నేను నా పురుట్లో దుప్పటి ముసుగు పెట్టుకుని దొంగచాటుగా ఏడ్చినదాన్నే. నలభై దాటకుండానే కళ్ళజోడు వచ్చింది అందుకేనని చాలాకాలం నమ్మాను. నా కోడలు చింగ్యా నాలాంటిది కాదు. పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల, పెద్ద చదువు చదివిన పిల్ల, అయినా నేను గీసిన గీత దాటలేదు. గర్వపడక ఏం చేస్తాను?

నిజానికి ఆ పిల్ల మా పల్లెలో, యూచింగ్‌లో, పురుడు గడపాలనుకోలేదు. తైనాన్ నగరంలో బాలింతల కోసమే నడిపే ఇళ్ళున్నాయి. చల్లటి గది, పిల్లను చూసుకోవడానికి నర్సులు, వేళకి భోజనం. అక్కడ గది మాట్లాడుకుంటామని మా అబ్బాయి తెక్సింగ్ ఫోనులో చెప్పేసరికి నాకు ఒళ్ళు మండింది.

"నా చేతులేమన్నా పడిపోయాయట్రా? నా మనవరాలి తల్లికి పరాయివాళ్ళు వండిపెట్టాలా?"

"అది కాదమ్మా. మామిడి కోతలప్పుడు నీకు తీరికెక్కడ..."

"నా తీరిక సంగతి నాకొదిలెయ్. నిన్ను కన్నది కూడా కోతల్లోనే. చచ్చానా?"

వెనకాల చింగ్యా ఏదో అంటున్నట్టు వినపడింది. వాడు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తరువాత, "సరేలే అమ్మా, అక్కడికే వస్తాం" అన్నాడు. ఆ అమ్మాయి ఏమందో నేను అడగలేదు.

వేసవి మొదట్లో, కాన్పు కాగానే పసిపిల్లతో వచ్చారు. వాడు ఫ్యాక్టరీ ఉద్యోగం చూసుకుంటూ సెలవు రోజున మాత్రం వచ్చి పోయేవాడు. చింగ్యాకి పండ్లు సర్దే షెడ్డుకి ఆనుకుని ఉన్న వెనక గది ఇచ్చాను. గాలి సోకకూడదని కిటికీలు మూశాను. ఫ్యాను తీసేయించాను. పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకి మేజోళ్ళు, తలకి గుడ్డ. స్నానం లేదు, అల్లం కాచిన నీళ్ళతో ఒళ్ళు తుడుచుకోవడమే. మంచినీళ్ళు లేవు, ఖర్జూరం కషాయమే. నువ్వుల నూనెలో అల్లం వేయించి, బియ్యపు సారా పోసి వండిన కోడి రెండు పూటలా. మామిడి పండు మాత్రం పచ్చి బాలింతకు విషం, ముట్టుకోకూడదు. బయట వేల కాయలు కాగితం సంచుల్లో చెట్లకి వేలాడుతుంటే, ఆ వాసన గదిలోకి వస్తుంటే, ఆ పిల్ల ఒక్క ముక్క కూడా అడగలేదు.

మంచం దిగేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకునేది కాదు. ఎవరితోనూ మాట్లాడేది కాదు. నేను చెప్పిన పథ్యమూ ఇదే కదా. పడుకో, గాలి తగలనివ్వకు, ఎక్కువ మాట్లాడకు, తల తడపకు. చెప్పింది చెప్పినట్టు చేస్తున్న కోడల్లో లోపం ఎవరు వెతుకుతారు?

"నీ కోడలు బతికే ఉందా వదినా? గదిలోంచి దగ్గైనా వినపడదు" అంది ఆఖిమ్ ఒకరోజు, కాయలకి దెబ్బ తగలకుండా ఫోమ్ తొడుగులు వేస్తూ. ఆఖిమ్ పక్క తోట ఆవిడ. కోతల్లో నాకు సాయం వస్తుంది, నేను ఆవిడకి వెళతాను. నోటికి గేటు లేదు.

"నోరు కడుక్కో. మా కోడలు పద్ధతైన పిల్ల. కొందరి కోడళ్ళలాగా పట్టుమని పది రోజులు కాకుండానే తలంటుకుని టీ కొట్టుకి పరిగెత్తే రకం కాదు."

"మా కోడలు పరిగెత్తింది నా వంట తినలేక" అని ఆఖిమ్ పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను.

పసిపిల్లని మెచ్చుకోకూడదని మా దగ్గర ఒక నియమం ఉంది. ముద్దుగా ఉందంటే కానివాళ్ళ కన్ను పడుతుంది. అందుకని కావాలని తిడతాం. నా మనవరాలికి నేను పెట్టిన ముద్దు పేరు పందిపిల్ల. ఒక మధ్యాహ్నం పిల్లకి పాలు పట్టించడానికి తీసుకెళ్తే చింగ్యా దాని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఈ పిల్ల అసహ్యంగా ఉందత్తయ్యా" అంది. "దీన్ని చూడలేకపోతున్నాను."

నా ఆనందం ఇంతా అంతా కాదు. "అదీ! అలా అనాలి! మన ఆచారం నీకెవరు నేర్పారే? ఇంకాస్త గట్టిగా అను, పైన దేవతలకి కూడా వినపడాలి."

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. బావిలో పడ్డవాళ్ళు కేక వేస్తే పైనుంచి ఎవరో చెయ్యూపి వెళ్ళిపోయినప్పుడు అలా చూస్తారేమో. అప్పుడు నాకది బిడియంలా కనిపించింది. పిల్లని నా చేతికిచ్చి గోడవైపు తిరిగింది. ఆ సాయంత్రం ఈ ముచ్చట కూడా ఊళ్ళో చెప్పి వచ్చాను.

ఇంకోరోజు తోటలో పని ఎక్కువై పొయ్యి మీద కోడి మాడింది. అల్లం బొగ్గైపోయింది. వేరే వండే తీరిక లేక, కాస్త పైపైన తీసి గిన్నెలో పోసి ఇచ్చాను. తరువాత అడుగున మిగిలింది నాలుక మీద వేసుకుని ఉమ్మేశాను, అంత చేదు. పరుగున వెళ్ళేసరికి చింగ్యా గిన్నె ఖాళీ చేసి పక్కన పెట్టింది.

"చేదుగా లేదుటే?"

"ఏమో అత్తయ్యా. తెలీలేదు."

"పిచ్చిదానా, చెప్పకూడదూ" అన్నాను. ఎంత గుట్టైన పిల్ల, అత్త మనసు నొచ్చుకుంటుందని మింగేసింది అనుకున్నాను.

నెల నిండబోతుండగా టీకా కోసం పందిపిల్లని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. బాలింత గడప దాటకూడదు కాబట్టి నేనే వెళ్ళాను. అక్కడి నర్సమ్మ నడివయసు మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. పిల్ల బరువు చూసి సంతోషించి, "తల్లి ఎలా ఉంది? నిద్ర పడుతోందా?" అని అడిగింది.

"నిద్రకేం, ఎప్పుడూ మంచం మీదే."

"ఏడుస్తోందా అప్పుడప్పుడూ?"

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు అందుకున్నాను. "ఒక్క చుక్క! ఒక్క చుక్క కార్చలేదండీ ఈ నెలంతా. అడగండి ఎవర్నైనా."

నర్సమ్మ సూది పక్కన పెట్టి నా వైపు చూసింది. "నవ్వుతోందా మరి?"

నాకు చిరాకేసింది. "బాలింతకి నవ్వులేంటమ్మా? పాలు పడితే చాలు."

"ఒకసారి ఆమెను తీసుకురండి. ఊరికే, మాట్లాడదాం" అంది. నెల దాటాక చూద్దాంలెండి అని వచ్చేశాను. దారిలో లెక్క వేసుకున్నాను కూడా, ఆ అమ్మాయి నవ్వి ఎన్నాళ్ళయిందా అని. గుర్తు రాలేదు. గుర్తు రాకపోతే పోనీ అని ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

నెల నిండిన రోజు నూనె అన్నం వండించి, గుడ్లకి ఎర్ర రంగు వేయించి ఇంటింటికీ పంచాను. ఆచారం ప్రకారం చింగ్యాకి నేనే తలంటాను. కుదుళ్ళ నుంచి వెంట్రుకలు చేతికి ఊడి వచ్చాయి. అది అందరికీ ఉండేదే.

"అత్తయ్యా, నీళ్ళు వేడిగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా? నాకు తెలియట్లేదు."

"చల్లగా ఉంటే కెవ్వుమనేదానివి. వేడిగానే ఉన్నాయి" అన్నాను.

చుట్టాలంతా ముందు గదిలో కూర్చున్నారు. తెక్సింగ్ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి, "అమ్మా, చింగ్యా అదోలా ఉంది కదూ?" అన్నాడు.

"అదోలా ఉండక పెళ్ళికూతురిలా ఉంటుందా? బాలింతరా. నాకు చెబుతావా పురుళ్ళ గురించి?"

వాడి ముఖంలో భారం దిగిపోయినట్టయింది. ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలనే వాడు చూస్తున్నాడు. ఆ చెప్పింది నేను.

చింగ్యా మాత్రం ముందు గదిలోకి రాలేదు. నేను వెళ్ళి పిలిస్తే, తడి తల దుప్పట్లో పెట్టుకుని, "అత్తయ్యా, ఇంకో నెల ఇలాగే ఉండనా?" అంది. రెండు నెలల పథ్యం చేసిన బాలింత నూరేళ్ళు గట్టిగా ఉంటుందని మా సామెత. నేను ముందు గదిలోకొచ్చి అందరి ముందూ చాటాను. "చూశారా! తనకి తనే అడిగింది!" మా ఆడపడుచులు ముక్కున వేలేసుకున్నారు. నాకు ఆ పూట నూనె అన్నం కూడా అక్కర్లేకపోయింది, కడుపు నిండిపోయింది.

ఆ తరువాతే కత్తి వ్యవహారం మొదలైంది.

బాలింత తినదగ్గ పండు ఆపిలొక్కటే. కోతలు ముమ్మరం కావడంతో ప్రతిసారీ కోసి ఇచ్చే తీరిక లేక, మంచం పక్కన పళ్ళెంలో ఆపిల్, పసుపు పిడి ఉన్న చిన్న కత్తి పెట్టి తోటకి పోయేదాన్ని. ఒక పొద్దున వంటింట్లో సారా సీసా మూత తీస్తుంటే వెనక అలికిడైంది. చింగ్యా. గది దాటి తనంతట తాను వచ్చింది. చేతిలో ఆ కత్తి.

"అత్తయ్యా, ఇది మీ దగ్గర ఉంచండి. నా గదిలో వద్దు."

కత్తి చేతికివ్వడం మా దగ్గర మంచిది కాదు. ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ మధ్య బంధం తెగుతుందంటారు. తప్పనిసరైతే పుచ్చుకున్నవాళ్ళు ఒక డబ్బు బిళ్ల చేతిలో పెట్టాలి, అప్పుడు కొనుక్కున్నట్టు లెక్క. నేను నడుముకున్న సంచిలోంచి ఒక బిళ్ల తీసి ఆమె అరచేతిలో పెట్టి గుప్పెట మూశాను.

"అత్తతో తెగతెంపులు చేసుకుందామనటే? కుదరదు. ఇదిగో కొనేశాను. మనది తెగదు" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. గుప్పెట అలాగే మూసుకుని వెళ్ళిపోయింది.

ఆపిల్ కోసుకోవడానికి బద్ధకం వేసిందనుకున్నాను. మర్నాడు కత్తి తీసుకెళ్ళి మళ్ళీ పళ్ళెంలో పెట్టాను. సాయంత్రానికి అది బియ్యం డబ్బా మీద కనిపించింది. మళ్ళీ పెట్టాను. ఫ్రిజ్ మీద దొరికింది. మళ్ళీ పెట్టాను. ఒకసారి గుమ్మం బయట నా చెప్పుల పక్కన దొరికింది. అప్పుడు నిజంగానే కోపం వచ్చింది.

"కత్తితో ఆటలేంటి అమ్మాయ్? కాలు తెగితే? పండు తినకపోతే పాలెలా పడతాయి?"

"పాల కోసం తింటానత్తయ్యా. కొరుక్కుని తింటాను. కత్తి వద్దు."

"తొక్క తియ్యకుండా తింటే పిల్లకి కడుపునొప్పి వస్తుంది" అని కసిరి, కత్తి అక్కడే వదిలేసి వచ్చాను.

కోతలు మంచి ఊపు మీద ఉన్నాయి. పండిన కాయ చెట్టున ఒక్కరోజు ఎక్కువుంటే మెత్తబడిపోతుంది. ఆ మధ్యాహ్నం నేను తోటలోంచి ఇంకొన్ని బుట్టలు తీసుకుపోదామని షెడ్డుకి వచ్చాను. ఆఖిమ్ భోజనానికి ఇంటికి వెళ్ళింది. ఎక్కడో పిల్ల ఏడుపు. గదిలోంచి కాదు, షెడ్డులోంచే. వరసగా పేర్చిన అట్టపెట్టెల మధ్య వెతుక్కుంటూ వెళ్ళాను.

పందిపిల్ల ఒక మామిడి పెట్టెలో ఉంది. కింద కాయలకి వేసే ఫోమ్ తొడుగులు మెత్తగా పరిచి, వాటి మీద పాత మెత్తటి తువ్వాలు వేసి ఉంది. ఎండ పొడ పడకుండా గొడుగు విప్పి అడ్డం పెట్టి ఉంది. మేము వాడే ఫ్యాను కాస్త దూరంగా, నేరుగా తగలకుండా తిప్పి ఉంది. పాలసీసా అందేంత దగ్గర్లో ఉంది. నాకు ఇవన్నీ కనిపించాయి. అయినా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇదీ:

"నీకేం మాయరోగమే! పిల్లేమన్నా మామిడికాయా, పెట్టెలో సర్దడానికి?"

పిల్లని ఎత్తుకుని వెళ్ళి వెనక గది తలుపు నెట్టాను. లోపల గడియ. దబదబా బాదాను. "తలుపు తియ్! తల్లివేనా నువ్వు? నలుగురూ చూస్తే ఏమంటారు?"

తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది. బాగా దగ్గరగా, తలుపుకి ఆనుకుని కూర్చున్నట్టుంది.

"అక్కడైతే దానికేం కాదత్తయ్యా. నాకు దూరంగా ఉంటుంది."

నేను బాదడం ఆపాను.

"కత్తి కూడా మీ చేతి తొడుగుల బుట్టలో పెట్టాను. ఈసారి తిరిగి తేకండి."

వెళ్ళి చూశాను. తొడుగుల కింద, అట్టముక్కలో చుట్టి, పైన గట్టిగా దారం కట్టి ఉంది. నేను తీసుకెళ్ళి పెట్టిన ప్రతిసారీ ఆ పిల్ల దాన్ని మోసుకొచ్చి నా కంటపడేలా పెట్టింది. వంటింట్లో, బియ్యం మీద, చెప్పుల పక్కన. ఇంట్లో నేను రోజూ చెయ్యి పెట్టే చోటల్లా పెట్టింది. నేను ప్రతిసారీ దాన్ని పట్టుకెళ్ళి ఆమె తలగడ పక్కన పెట్టి వచ్చాను.

మళ్ళీ తలుపు దగ్గరికొచ్చి నేల మీద కూలబడ్డాను. నా దగ్గరున్న మాటలన్నీ పథ్యం మాటలే, పాలు, నూనె, అల్లం, గాలి. చివరికి అన్నాను.

"చింగ్యా, ఏడువమ్మా. కళ్ళు పోతే పోనీ. ఏడు."

"రావట్లేదత్తయ్యా" అంది. "మొదట్లో వచ్చేది. మీరు ఏడవద్దన్నారుగా. ఆపుకున్నాను. ఇప్పుడు రావట్లేదు."

నేను తలుపుకి నుదురు ఆనించి అక్కడే ఉన్నాను. గడియ తియ్యమని అడగడానికి కూడా భయమేసింది, తియ్యకుండా వదలడానికీ భయమేసింది. "నేనిక్కడే ఉన్నాను, పిల్ల నా ఒళ్ళో ఉంది, కత్తి నా దగ్గరే ఉంది" అని అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఎంతసేపటికో గడియ చప్పుడైంది.

ఆఖిమ్ పళ్ళు కుట్టుకుంటూ వచ్చి మమ్మల్ని చూసి, జీవితంలో మొదటిసారి ఏమీ అడగలేదు. పిల్లని అందుకుంది. తరువాత ఒక్కటే అంది. "బండి తీస్తాను వదినా. గుడికా, ఆసుపత్రికా?"

ఇంట్లో ఎవరు జడుసుకున్నా, తిండి మానేసినా గుప్పెడు బియ్యం, వాళ్ళు తొడిగిన చొక్కా పట్టుకుని గుడికి పరిగెత్తి బెదురు తీయించేదాన్ని నేను. ఆసుపత్రి అంటే, అందులోనూ మనసు డాక్టరు అంటే, తెల్లారేసరికి పిచ్చిదని పేరు పడుతుంది. కానీ నర్సమ్మ మాట చెవిలో గింగురుమంటోంది. నవ్వుతోందా మరి?

"ఆసుపత్రికి" అన్నాను.

కాయల పెట్టెలు ఇంకా దించని బండిలో వెళ్ళాం. చింగ్యా ఎండలోకి రాగానే కళ్ళు చిట్లించి, చేత్తో ముఖం కప్పుకుంది. బండిలో పిల్ల పక్కన కూర్చోనంది. "మీరు మధ్యలో కూర్చోండత్తయ్యా" అంది. కూర్చున్నాను. దారిలో ఆరోగ్య కేంద్రం దగ్గర ఆపితే నర్సమ్మ తనే తైనాన్ ఆసుపత్రికి ఫోను చేసి, మా వెంట బండెక్కింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ చిన్న పిల్ల, మా చింగ్యా వయసే ఉంటుంది. "నిద్ర ఎలా పడుతోంది?" అని అడిగింది. నా నోరు దానంతట అదే తెరుచుకుంది. నర్సమ్మ నా మోచేతి మీద చెయ్యి వేసింది. నోరు మూసుకున్నాను. నా జన్మలో నేను చేసిన కష్టమైన పనుల్లో అదొకటి. ఎందుకంటే చింగ్యా వెంటనే మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో నాకు తెలిసిన జవాబులన్నీ తప్పని నాకే తెలుస్తూ కూర్చున్నాను.

"నిద్ర రాదు" అంది చివరికి. "కళ్ళు మూసుకుని పడుకుంటాను. పిల్ల ఏడిస్తే పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నట్టు ఉంటుంది. దానికి నేను తల్లిని కాకపోతే బాగుండేదనిపిస్తుంది. నేను లేకపోతే దానికి బాగుంటుందనిపిస్తుంది. తరవాత చేతులు చూస్తే భయమేస్తుంది."

"ఇది ఎవరికైనా చెప్పారా?"

"చెప్పాను" అంది చింగ్యా. నా వైపు చూడలేదు.

ఇది ప్రసవం తరువాత చాలామందికి వచ్చే జబ్బేననీ, చెడ్డతనం కాదనీ, మందు ఉందనీ, మందు పనిచేయడానికి వారాలు పడుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచారు. తెక్సింగ్ సెలవు పెట్టి పక్కనే ఉన్నాడు. "నేను అడిగాను కదమ్మా నిన్ను" అన్నాడొకసారి. తోటలో సగం కాయలు రాలి సంచుల్లోనే కుళ్ళిపోయాయి. ఆ వాసన వారాల తరబడి ఇంటి చుట్టూ ఉండేది. అది నాకు తగిన వాసనే అనిపించేది.

ఊళ్ళో నేనే చెప్పాను. టముకు వేసిన నోరు అది, దాచడానికి వీల్లేదు. అదే కూరగాయల బండి దగ్గర, "మా కోడలికి మనసు బాగోలేదు, ఆసుపత్రిలో పెట్టాం" అన్నాను.

"అయ్యో, ఒక్క చుక్క కూడా ఏడవలేదన్నావుగా?" అందొకావిడ.

"ఏడవలేదు. అదే జబ్బు" అన్నాను.

తిరిగొస్తుంటే ఆఖిమ్ నా పక్కన నడుస్తూ, "మా కోడలు టీ కొట్టుకి ఎందుకు పరిగెత్తిందో తెలుసా వదినా?" అంది. "నా వంటకి కాదు. ఆ మూసిన గదిలో ఉంటే తనని తాను ఏం చేసుకుంటుందోనని భయమేసిందట. నిరుడు చెప్పింది నాకు."

"నాకెందుకు చెప్పలేదే ముండా!"

"నువ్వు చెప్పనిస్తేగా. ఎప్పుడు నోరు తెరిచినా నీ కోడలి పద్ధతి గురించే వినిపించావు."



చింగ్యా ఇంటికి వచ్చింది. మా ఇంటికే రావాలని నేను అడగలేదు, తనే వస్తానంది. వెనక గది కిటికీలు నేనే ఊడదీసినంత పని చేసి తెరిచాను. కొన్ని రోజులు బాగుండేది, కొన్ని రోజులు మంచం దిగేది కాదు. బాగున్న రోజున పిల్లని ఎత్తుకుని చెట్ల కింద తిరిగేది. మొదటిసారి ఏడ్చింది మాత్రం ఒక వానరోజు, చేతిలోంచి టీ కప్పు జారి పగిలినందుకు. వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని, నోరు మూసుకుని, అలా ఏడవనిచ్చాను.

ఆఖరి కోత ఆకుపచ్చ రకానిది. పండినా రంగు తిరగదు. ఆ సాయంత్రం షెడ్డు ముందు పీట మీద కూర్చుని ఒక పండు కోస్తున్నాను, ఆ పసుపు పిడి కత్తితోనే. పందిపిల్ల చాప మీద బోర్లా పడి తల ఎత్తడానికి తంటాలు పడుతోంది. చింగ్యా వచ్చి పక్కన కూర్చుంది.

"నేను కోస్తానత్తయ్యా. ఇలా ఇవ్వండి."

నా గుప్పెట కత్తి పిడి మీద బిగుసుకుంది. నేను బిగించలేదు, అదే బిగుసుకుంది. ఆమె చూసింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు, తొందర కూడా పెట్టలేదు. రెండో చెయ్యి జేబులో పెట్టి ఒక బిళ్ల తీసి పీట మీద పెట్టింది.

"ఊరికే ఇవ్వద్దులెండి. ఇదిగో, గుర్తుందా?"

గుర్తుపట్టాను. ఆ బిళ్లే. "ఆ రోజు నాకు అర్థం కాలేదమ్మా" అన్నాను.

"తెలుసు. మర్నాడే కత్తి తెచ్చి మళ్ళీ నా పక్కన పెట్టారుగా."

కోపంగా అనలేదు.

"మరి దీన్నెందుకు దాచుకున్నావ్?"

ఆమె పిల్ల వైపు తిరిగింది. "మనది తెగదు అన్నారుగా. ఆ రెండు నెలల్లో మీరు నాతో అన్న మాటలన్నీ పాల కోసం, పిల్ల కోసం. అదొక్కటే నాతో అన్నట్టు అనిపించింది."

కత్తి ఇచ్చాను. బిళ్ల తీసుకున్నాను. ఆమెకి మామిడి పండు కోయడం రాదు, టెంక మీద సగం గుజ్జు వదిలేసింది. మొదటి ముక్క నాకిచ్చింది. రెండోది తను తింది. తియ్యగా ఉందా అని అడగబోయి ఆగాను. "తియ్యగా ఉంది" అని తనే చెప్పింది.

పండు అయిపోయాక కత్తి కడిగి, తన చొక్కా అంచుతో తుడిచి, పిడి నా వైపు తిప్పి అందించింది.

"ఇంకా కొన్నాళ్ళు మీ దగ్గరే ఉండనివ్వండి అత్తయ్యా."

తీసుకున్నాను. ఆ బిళ్లే మళ్ళీ ఆమె అరచేతిలో పెట్టి, గుప్పెట మూసి, రెండు చేతులతో పట్టుకున్నాను. ఈసారి నవ్వలేదు.